రేవు దాటే సంచి

కోనసీమ చదునైన నేల. ఇక్కడ కొండలెక్కే శ్రమ లేదు. అయినా ఐనవిల్లి మండలంలోని ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గౌతమీ గోదావరిని దాటి కోటిపల్లి చేరడం పెద్దవయసు వారికి అంత తేలిక కాదు. నీరు తగ్గిన రోజుల్లో పంటు దాకా ఇసుకలో నడవాలి. ఆ ఇసుకలో చక్రాల పెట్టె దొర్లదు, చేత మోయవలసిందే. పంటు ఊగినప్పుడు పట్టుకోవడానికి ఒక చేయి ఖాళీగా ఉండాలి. ఇరవై ఏళ్ళ ప్రాయంలో లెక్కచేయని బరువే అరవై ఏళ్ళకు మోకాళ్ళను పరీక్షిస్తుంది.

సామాను మోయలేమన్న బెంగతో బంధువుల ఇళ్ళకు వెళ్ళడమే మానుకునే పెద్దలున్నారు. బంధుత్వాలను నిలుపుకోవడం ధర్మమైనప్పుడు, తగ్గించవలసింది రాకపోకలను కాదు, సంచి బరువును.

ముందుగా ఖాళీ సంచినే తూచి చూడండి. పాతకాలపు మందపాటి సంచి తానే ఒక బరువు. వయసు మళ్ళినవారు తమ శరీర బరువులో పదో వంతు మించకుండా చూసుకోవడం మేలు. అరవై కిలోల మనిషికి ఆరు కిలోలన్నమాట. లీటరు నీళ్ళే ఒక కిలో తూగుతాయి. అడుగడుగునా మంచినీరు దొరికే దారిలో ఒక చిన్న సీసా చాలు. త్వరగా ఆరే బట్టలు రెండు జతలుంటే, ఒకటి ఉతికి మరొకటి కట్టుకోవచ్చు. బరువైన జానమాజుకు బదులు శుభ్రమైన పలుచని తువ్వాలు సరిపోతుంది. మందులు, వైద్యుని చీటీ, కళ్ళజోడు, చిన్న టార్చిలైటు, గుర్తింపు కార్డు మాత్రం తగ్గించరాదు.

ప్రయాణికుని భారాన్ని షరీఅత్ కూడా తగ్గించింది. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా కుదించింది. రమజాన్ ఉపవాసాలను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఇచ్చింది. నీరు లభించనప్పుడు తయమ్ముమ్ చాలునన్నది. అల్లాహ్ ఇచ్చిన ఈ సౌలభ్యాలను స్వీకరించే మనం, మన చేతులతో మనమే బరువు పెంచుకోవడం ఎందుకు?

హజ్ ఈ పాఠాన్ని మరింత స్పష్టంగా నేర్పుతుంది. పురుషులకు ఇహ్రామ్ అంటే కుట్టులేని రెండు వస్త్రాలే. జిల్‌హజ్ 8న మినాకు బయలుదేరే హాజీ పెద్ద పెట్టెను మక్కాలోని బసలోనే వదిలి, చిన్న సంచితో సాగుతాడు. 9న అరఫాత్, ఆ రాత్రి ముజ్దలిఫాలో ఆరుబయట బస. అక్కడ బరువైన సంచి తనకే కాక తోటివారికీ ఇబ్బంది.

హజ్‌కు సిద్ధమవుతున్న పెద్దలు ఇప్పటినుంచే ఆ చిన్న సంచిని సర్ది, భుజాన వేసుకొని కాలువ గట్టు మీద రోజూ కొంతదూరం నడవాలి. ఆయాసం వచ్చిన రోజున ఇంటికి చేరి ఒక వస్తువు తీసివేయాలి. దివ్యఖుర్ఆన్ అన్నిటికన్నా మేలైన పాథేయంగా పేర్కొన్న దైవభీతికి బరువంటూ లేదు. దానిని ఎంతైనా నింపుకోవచ్చు.