ఆలిసుతో నా కలహము

1862వ సంవత్సరము జూలై 4వ తేదీన, ఆక్స్‌ఫర్డులో గణితము బోధించు డాడ్జ్‌సన్ అను నాతడు, ముగ్గురు బాలికలతో థేమ్సు నదిపై పడవలో పోవుచు, కథ చెప్పుమని వారు పెట్టిన పోరు పడలేక అప్పటికప్పుడల్లిన కథయే, మూడేండ్లకు లూయిస్ కారల్ అను మారుపేరుతో 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' అను గ్రంథమై వెలువడినది.

దీనిని ముమ్మారు చదివితిని. మూడుమార్లును సగము మురిసితిని, సగము విసిగితిని. తేదీయే కాని గంట చూపని గడియారమునకు వెన్న పూసి, అది బాగుపడకపోగా తేనీటిలో ముంచి, మరల దిగులుగా దానివంక చూచు కుందేలును తలచుకొన్నప్పుడెల్ల నాకు నవ్వాగదు. (మా గోడగడియారమును బాగుచేయబూని నేను చేసిన ఘనకార్యము అంతకు తీసిపోయినది కాదు.) కాని ఆనాటి ఆంగ్లబాలురు వల్లెవేసిన పద్యములకు అందు వికటానుకరణములు పెక్కు గలవు, అసలు పద్యమే యెరుగని నాకు ఆ వెక్కిరింత యెట్లు రుచించును?

అంతకంటెను బాధించునది ముగింపు. పేకముక్కల కొలువులో అంత ధైర్యముగా ఎదురుతిరిగిన ఆలిసును, ఇదంతయు కలయేనని అక్క యొడిలో మేల్కొలుపుట మోసము కాదా? ఇంత కోపమున్నను, ఎవరైన అడిగినచో ఆ పుస్తకమును ఎరువిచ్చుటకు నాకు చేతులు రావు.