కోరంగి బురద

కర్మన్‌ఘాట్‌లో కాపురముండేవాళ్ళకు మట్టి అంటే ఎర్రమట్టే. ఆంజనేయస్వామి గుడి చుట్టుపక్కల ఎక్కడ పునాది తవ్వినా పైన కాస్త ఎర్ర చలక, కింద రాయి. ఆ ఎరుపు ఇనుముది. గాలి తగిలి తుప్పుపట్టిన ఇనుమే మన వాకిళ్ళకు ఆ రంగు తెచ్చింది. అదే ఇనుము గాలి అందనిచోట ఎలా ఉంటుందో చూడాలంటే రాత్రి బండెక్కి, కాకినాడలో దిగి, యానాం దారిన కోరంగి వెళ్ళాలి.

అక్కడ అది నల్లగా ఉంటుంది.

కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. ఇక్కణ్ణించి రంగూను వెళ్ళినవాళ్ళ మూలాన, బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది! 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు రేవును తుడిచిపెట్టాయి. మడ అడవి మిగిలింది. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

కాళ్ళకు బురద అంటకుండా లోపలికి చెక్కల వంతెన వేశారు. నాలుగడుగులు వేశామో లేదో, మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఇదేమిటండీ, కుళ్ళిన కోడిగుడ్ల వాసన?”

“అదే ఈ చెట్ల వంటిల్లు,” అన్నాను.

నిజమే. నీళ్ళు నిండిన బురదలోకి గాలి చొరదు. అందులోని సూక్ష్మజీవులు ప్రాణవాయువు లేక, సముద్రపు నీటిలోని గంధక లవణాలతో కాలక్షేపం చేస్తాయి. అప్పుడు పుట్టే వాయువుదే ఆ కంపు. అది ఇనుముతో కలిస్తే నలుపు. గాలి కోసం మడచెట్టు వేళ్ళను పెన్సిళ్ళలా పైకి నిలబెడుతుంది.

ఒండ్రులో తిండికి కరువులేదు, కాని తినడమే కష్టం. నత్రజని చాలావరకు అమోనియా రూపంలోనే దొరుకుతుంది. ఉప్పులోని సోడియం పొటాషియానికి అడ్డుపడుతుంది. భాస్వరాన్ని ఇనుము పట్టుకు కూర్చుంటుంది. గాలి లేనప్పుడు కొంత వదులుతుంది. అయితే వేరు గాలిని కిందికి తెచ్చినచోట ఇనుము మళ్ళీ తుప్పుపట్టి, వేరుకు ఎర్రటి పూత పడుతుంది. అచ్చం మన కర్మన్‌ఘాట్ రంగు! ఆ పూత భాస్వరాన్ని మళ్ళీ బిగబడుతుంది.

అందుకే మడచెట్టుది మహా పొదుపు. ఆకు పండి రాలేలోగా అందులోని నత్రజని, భాస్వరం చాలామటుకు కొమ్మలోకి లాగేసుకుంటుంది. చిరిగిన చీరతో బొంత కుట్టుకునే మన అమ్మమ్మలు గుర్తుకురాక మానరు. రాలిన ఆకును పీతలు బొరియల్లోకి ఈడ్చుకుపోతాయి. ఆ బొరియల వెంటే బురదకు కాస్త గాలి.

ఇంత నేర్పున్న చెట్టూ ఒకచోట ఓడిపోతుంది. పల్లంలోకి వచ్చిన పోటునీరు తిరిగి పోలేక ఎండకు ఆవిరైతే, ఉప్పు పేరుకుని మడ చచ్చిపోతుంది. నారు నాటినా బతకదు. 1990ల చివరినుంచి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో అటవీశాఖవారు, స్వామినాథన్ పరిశోధన సంస్థవారు ఊళ్ళవాళ్ళను కలుపుకొని ఒక ఉపాయం చేశారు. చేప వెన్నెముకలా నడుమ ఒక కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు. పోటుకు నీరు వస్తుంది, పాటుకు పోతుంది, పోతూ ఉప్పును కడుగుతుంది. ఆ గట్లవెంట నాటిన మడ నిలదొక్కుకుంది.

చిక్కల్లా ఒండ్రుతోనే. ఎగువన ఆనకట్టలు చాలా ఒండ్రును ఆపేస్తున్నాయి గనుక అడవికి అది చాలదు. వచ్చిన కాస్తా ఈ పిల్లకాలువల్లో పూడుతుంది. ఊళ్ళవాళ్ళు మళ్ళీ పారలు పట్టుకుని దిగవలసిందే.