డిక్సన్ లేన్ దాకా ఒక హార్మోనియం దారి

కలకత్తాలో లాల్‌బజార్ పోలీసు ప్రధాన కార్యాలయం దాటి రవీంద్ర సరణిలో అడుగుపెట్టగానే వాద్యాల దుకాణాలు వరుస తీరి కనబడతాయి. సితారులు గోడలకు వేలాడుతుంటాయి. తబలాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. కొనవచ్చిన వారెవరో హార్మోనియం ముందు కూర్చుని, ఒక చేత్తో తిత్తిని ఊపుతూ మరొక చేత్తో మెట్లు నొక్కి చూస్తుంటారు. బండ్లు లాగేవారి కేకలు ఎంతగా కమ్ముకొన్నా ఆ నాదం వినబడుతూనే ఉంటుంది.

ఆ వీధిని లోయర్ చిత్పూర్ రోడ్డు అని పిలిచే రోజుల్లో, 1875లో, ద్వారకానాథ్ ఘోష్ అనే వ్యాపారి అక్కడ వాద్యాల దుకాణం తెరిచారు. దానికి ‘ద్వార్కిన్’ అనే పేరు సూచించినవారు బాలసాహిత్యకారుడు ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి. ఆయన చలనచిత్ర దర్శకుడు సత్యజిత్ రాయ్‌కి తాతగారు. ద్వారకానాథ్ పేరునూ, లండన్‌లోని డాకిన్స్ అనే వాద్య సంస్థ పేరునూ కలిపి ఆయన ఆ మాటను కూర్చారు.

హార్మోనియం ఐరోపాలో పుట్టినది. 1840వ దశకారంభంలో పారిస్‌లో దెబెన్ అనే నిర్మాత దానికి ఆ పేరు పెట్టారు. అక్కడ వాద్యకారుడు కుర్చీలో కూర్చుని, తిత్తిని కాళ్లతో తొక్కుతూ రెండు చేతులా స్వరసమూహాలు పలికిస్తాడు. మన గాయకుడు నేలమీద కూర్చునేవాడు. మన సంగీతంలో ఒక స్వరం వెంట మరొక స్వరం నడుస్తుంది గనుక వాయించడానికి ఒక చెయ్యి చాలు. ఈ చిన్న సత్యాన్ని గ్రహించి ద్వారకానాథ్ కాళ్ల తిత్తిని తొలగించారు, వెనుక చేతి తిత్తిని అమర్చారు, పెట్టెను చాప మీదికి దించారు. 1880వ దశకం నుండి ఆ చేతి హార్మోనియం దేశమంతటా పాకిపోయింది. తెలుగునాట పద్యనాటకం చూసినవారికి వేరే పరిచయం అక్కరలేదు. హార్మనీ పెట్టె లేకుండా కృష్ణుడూ లేడు, హరిశ్చంద్రుడూ లేడు!

అయితే ఆ పెట్టెలో ఒక లోపం ఉన్నది. దాని స్వరాలు మెట్లకు బిగించి ఉంటాయి. ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారడం దానికి చేతకాదు. తోడి రాగంలో గాంధారం ఊగే తీరును ఏ మెట్టు మీద వెతకగలం? ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని చూసిన ఆంగ్ల స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ 1938లో దీనిని తీవ్రంగా దుయ్యబట్టారు. మరుసటి ఏడు పని మీద కలకత్తా వచ్చి, కలరా సోకి ఈ నగరంలోనే కన్నుమూశారు. 1940 జనవరిలో రవీంద్రనాథ్ ఠాకూర్ కూడా కలకత్తా కేంద్రానికి లేఖ రాసి హార్మోనియంపై తమ విముఖతను తెలిపారు. ఆ మార్చి 1వ తేదీనుండి ఆకాశవాణి దానిని బహిష్కరించింది.

లాల్‌బజార్ నుండి బౌబజార్ వీధి వెంట తూర్పుగా నడిస్తే సియాల్దా స్టేషన్ వస్తుంది. ఆ సమీపంలోనే డిక్సన్ లేన్ ఉన్నది. ఆ సందులోని 25వ నంబరు ఇంటిలో ద్వారకానాథ్ మనుమడు జ్ఞానప్రకాశ్ ఘోష్ నివసించారు. 1909లో జన్మించిన ఈయన స్కాటిష్ చర్చి కళాశాలలో చదివారు. ఆటలంటే ప్రాణం, బొమ్మలు వేయడమన్నా అంతే. ఫుట్‌బాల్ ఆటలో కంటికి తగిలిన దెబ్బ ఆ రెండింటినీ దూరం చేసింది. చూపు తగ్గినవాడికి చెవి మిగిలింది. ఫరూఖాబాద్ ఘరానాకు చెందిన మసీత్ ఖాన్ వద్ద తబలా, గిరిజాశంకర్ చక్రవర్తి వద్ద గాత్రం అభ్యసించారు. మద్రాసులో పుట్టి కలకత్తాలో హిందుస్తానీ గాయకుడైన ఎ. టి. కానన్ కూడా గిరిజాశంకర్ శిష్యులే.

ఆ ఇంటికి రాని విద్వాంసుడు అరుదు. ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ అక్కడ బస చేసి పాడేవారు. 1968లో హైదరాబాదు బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో తుదిశ్వాస విడిచిన ఆ మహాగాయకుడే ఈయన. తబలా అంటే గాయకుడి వెనుక కూర్చునే వాద్యమేనన్న భావం చెదరడంలో డిక్సన్ లేన్‌కు భాగమున్నది. దేశంలోని వివిధ చర్మవాద్యాలను ఒకచోట చేర్చి జ్ఞానప్రకాశ్ ‘డ్రమ్స్ ఆఫ్ ఇండియా’ రికార్డులు వెలువరించారు. ‘జదుభట్ట’, ‘ఆంధారే ఆలో’ వంటి బెంగాలీ చిత్రాలకు సంగీతం కూర్చారు. అయినా ఆయన అసలు కృషి శిష్యులలోనే కనబడుతుంది. కనాయ్ దత్త, శ్యామల్ బోస్, శంకర్ ఘోష్, అనిందో చటర్జీ తబలాలో ఆయన వద్ద తయారైనవారు. గాయకుడు అజయ్ చక్రవర్తి కూడా ఆయన శిష్యుడే. ఈయన తరువాత మంగళంపల్లి బాలమురళీకృష్ణ వద్ద కర్ణాటక సంగీతమూ అభ్యసించారు.

జ్ఞానప్రకాశ్ సుమారు పదిహేనేళ్లు ఆకాశవాణి కలకత్తా కేంద్రంలో సంగీత నిర్మాతగా పనిచేశారు. ఆయన హార్మోనియం వాదనలోనూ దిట్ట. తాతగారు దేశానికిచ్చిన పెట్టెకు మనుమడు పనిచేసే భవనంలో ప్రవేశం లేదు! 1971లో ఆకాశవాణి పట్టు సడలించింది. అదీ సహకారవాద్యంగానే, ఒంటరి కచేరీకి అప్పుడు అనుమతి దొరకలేదు. నిషేధించినవారి వాదం తప్పని చెప్పలేము, గమకం నిజంగానే దానికి అందదు. కాని పేదవాడి ఇంటిలోకి సప్తస్వరాలను తెచ్చిన వాద్యం మరేదున్నది?

ఆ చర్చకు జ్ఞానప్రకాశ్ జవాబు ఒక రికార్డులో దొరుకుతుంది. అందులో వి. జి. జోగ్ వాయులీనం వాయించగా ఆయన హార్మోనియం పట్టారు. రెండూ పడమటి దేశాలనుండి వచ్చినవే. ఒకటి జారుతుంది, రెండవది జారలేదు. వాయులీనం మీండ్ తీసినచోట దానిని అనుకరించే అవసరం హార్మోనియానికి లేదు. మెట్టు మెట్టుగా విడదీసి పలికే స్వరానికీ ఒక అందమున్నది.

1974లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1984లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 1997 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. రవీంద్ర సరణిలో కొత్త హార్మోనియం ముందు కూర్చునేవారు నేటికీ మొదట తిత్తినే ఊపి చూస్తారు, గాలి ఎక్కడైనా కారుతున్నదేమోనని.