వాసన లేని దురియన్

2017లో నింటెండో తెచ్చిన ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ ఆటలో కత్తికన్నా నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది వంటకుండ. నిప్పు మీదున్న ఆ కుండలో ఐదు దినుసుల దాకా పడేయొచ్చు. ఏది కలిపితే ఏమవుతుందో మనమే కనిపెట్టుకోవాలి. నా కనిపెట్టుడు మాత్రం దురియన్ పండు దగ్గర ఆగిపోయింది.

ఆటలోని ఫారన్ ప్రాంతంలో గుట్టమీది చెట్లకు కాస్తుందది. ఒక్కటి ఉడికిస్తే చాలు, మన వీరుడు లింక్‌కు ప్రాణం పూర్తిగా నిండి, పైన నాలుగు పసుపు గుండెలు అదనం. ఐదూ దురియన్లే వేస్తే ఇరవై! ఉప్పక్కర్లేదు, మసాలా అక్కర్లేదు. మాంసం, పుట్టగొడుగులు, మిరపకాయలు, తేనె అంటూ అంత పెద్ద వంటిల్లు కట్టి, దాన్ని దండగ చేసే పండునీ వాళ్లే పెట్టారు. సంచి నిండా అవే ఉన్నాక రాక్షసుడంటే భయమెందుకు? భయం లేకపోతే ఆటెందుకు?

అసలు దురియన్‌కు ఇంత మర్యాద లేదు. పైకి మన పనసకు చుట్టంలా కనిపిస్తుంది గానీ, దాని వాసనకు జడిసి సింగపూర్ మెట్రో రైళ్లలోకి రానివ్వరు. తెర మీద ఆ గొడవ లేదు. అదృష్టమో, లోటో!

2023లో ఈ ఆటకు తరువాయిగా ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’ వచ్చింది. కథ జరిగేది మళ్లీ అదే హైరూల్ రాజ్యంలో, కానీ దురియన్ మాయం. మంచి పనే చేశారనిపించింది నాకు. కొత్తగా టమాటాలు, చీజ్ దొరుకుతున్నాయి. లింక్ ఇప్పుడు పిజ్జా వండుతున్నాడు.