పై బాణం నొక్కితే బ్రాకెట్లు

ఏమండోయ్, మిమ్మల్నే! పైథాన్ ముందు కూర్చుని ఆ చిరాకేంటి? పై బాణం నొక్కితే ఇందాకటి లైను రావాల్సింది పోయి టోపీ గుర్తు ఒకటి, చదరపు బ్రాకెట్లు రెండు, వెనక పెద్ద ఏ అక్షరం వచ్చి పడ్డాయి. అంతేగా? ఇంత చక్కటి సంగతి కళ్లబడితే సంబరపడాలి గానీ!

బాణం మీటకు సొంత అక్షరమంటూ లేదు. నొక్కగానే టెర్మినల్ మూడు బైట్లు పంపిస్తుంది: ఎస్కేప్, బ్రాకెట్, ఏ. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 నాటి పద్ధతి అది. ఆ పెట్టె ఏనాడో అటకెక్కింది. దాని భాష మాత్రం మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా నడుస్తూనే ఉంది. ముచ్చటగా లేదూ?

3.13కి ముందరి పైథాన్‌లో ఆ మూడు బైట్ల అర్థం గ్రహించి పాత లైను తెచ్చిపెట్టేది రీడ్‌లైన్ అనే లైబ్రరీ. పైథాన్‌ని సోర్సు నుంచి సొంతంగా కంపైల్ చేసినప్పుడు దాని హెడర్ ఫైళ్లు లేకపోతే పైథాన్ వస్తుంది, రీడ్‌లైన్ మాడ్యూల్ రాదు. ఇంపోర్ట్ రీడ్‌లైన్ అని కొట్టండి. ఎర్రర్ వచ్చిందా, దొంగ దొరికినట్టే. రీడ్‌లైన్ డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేసుకుని మళ్లీ బిల్డ్ చేయాలి. అంత ఓపిక లేదంటారా? సరే, పైథాన్ ముందు ఆర్‌ఎల్‌ర్యాప్ అనే కమాండు తగిలించి నడపండి.

మీ పక్కింటి కుర్రాడి గోల ఇంకోటి. ప్రాంప్ట్‌కి ఎర్ర రంగు వేశాడు. చూడ్డానికి బ్రహ్మాండం! కానీ పొడుగు లైను కొడితే చివరికొచ్చి, కిందికి దిగకుండా, మొదటి అక్షరాల మీదే ఎక్కేస్తోంది. ఇక్కడే అసలు కథ. కర్సర్ ఎక్కడుందో టెర్మినల్ ఒక లెక్క రాసుకుంటుంది, రీడ్‌లైన్ ఇంకో లెక్క. కిరాణా కొట్టు పద్దుకీ మన ఇంటి పద్దుకీ తేడా వస్తే ఏమవుతుంది? రభసే! ఎర్ర రంగు మొదలుపెట్టే సంకేతానికి 5 బైట్లు, ఆపేదానికి 4. తెర మీద అవి కనబడవు, రీడ్‌లైన్ మాత్రం 9 గళ్లు నిండాయనుకుంటుంది. ఒక్కో రంగు సంకేతానికి ముందు 1వ నంబరు బైటు, తర్వాత 2వ నంబరు బైటు పెడితే చాలు. మధ్యలోది లెక్కలోకి తీసుకోవద్దని వాటి అర్థం. ఎంత నాజూకైన ఏర్పాటో చూడండి!

2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లో ప్రాంప్ట్ రంగులతోనే వస్తుంది. పాతదే బాగుందా? పైథాన్ బేసిక్ ఆర్‌ఈపీఎల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇవ్వండి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ప్రోగ్రాం మధ్యలో చచ్చిపోయింది. ఏం కొట్టినా తెర మీద కనబడదు. ఎంటర్ కొడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. కిటికీ మూసేయబోతున్నారా? ఆగండాగండి! కంట్రోల్-జె నొక్కండి. గుడ్డిగానే రీసెట్ అని కొట్టండి. మళ్లీ కంట్రోల్-జె. చూశారా, తెర తేటపడింది! ఎంటర్ మీట పంపేది 13వ బైటు. దాన్ని 10గా మార్చే ఏర్పాటు టెర్మినల్‌ను నడిపే టీటీవైలో ఉంటుంది. పోయిన ప్రోగ్రాం దాన్ని ఆపేసి, మళ్లీ పెట్టకుండా వెళ్లిపోయింది. కంట్రోల్-జె నేరుగా 10నే పంపుతుంది. కనబడకుండా టైపు చేసి గెలవడంలో ఉన్న మజా అనుభవిస్తేనే తెలుస్తుంది.

అన్నట్టు, మన తెలుగు సంగతి? ‘తెలుగు’ పొడవెంతని లెన్‌ని అడిగితే 6 అంటుంది. మూడే కదా అని పోట్లాడకండి. గుణింతపు గుర్తుల్ని యూనికోడ్ విడిగా లెక్కేస్తుంది మరి. వాటిలోనూ కులాలున్నాయి! యూనికోడ్ లెక్కలో ఎత్వం ఎమ్‌ఎన్ రకం, తెర మీద సొంత గడి అక్కర్లేదు. కొమ్ము ఎమ్‌సీ రకం. అక్షరాల వెడల్పు చెప్పే పట్టికల్లో కొన్ని దానికో గడి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇచ్చే పట్టిక ప్రకారం ‘తెలుగు’కు 5 గళ్లు, ఇవ్వని పట్టిక ప్రకారం 3. టెర్మినల్ ఒకటి నమ్మి, ఇంటర్‌ప్రెటర్ ఇంకోటి నమ్మితే కర్సర్ ఎక్కడో తేలుతుంది. ఒకటి చెరపబోతే ఇంకోటి చెరిగినట్టు కనబడుతుంది. ఇక్కడ మీ తప్పేం లేదు, మీ ప్రోగ్రాం తప్పూ లేదు. టెర్మినల్ మార్చి చూడండి. తెలుగు పాఠంతోనే పనెక్కువైతే జూపిటర్ నోట్‌బుక్ తెరవండి. అక్కడ అక్షరాలు గీసేది బ్రౌజరు కాబట్టి ఈ గళ్ల గొడవే లేదు.

మరి మీ పేరు ఎన్ని గళ్లు పడుతుందో? ఇప్పుడే కొట్టి చూడండి. కొమ్ములున్న పేరైతే నాకూ చెప్పండి.