త్రెడ్ అయిపోయింది సార్

ఈ వారం కారు క్లచ్ గురించి రాస్తున్నాను మిత్రులారా. నవ్వకండి. చివరిదాకా చదవండి.

నా దగ్గర 2008 మోడల్ మారుతి 800 ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మా ఇంట్లో మొదటి నాలుగు చక్రాల బండి ఇదే. మా తాతకు ఎడ్లబండి కూడా లేదు. ఊరి ఎడ్లకు తోలు వార్లు కోసి ఇచ్చినవాళ్ళం మేము, బండి ఎక్కినవాళ్ళం కాదు. 1983 డిసెంబర్‌లో రోడ్డు మీదికొచ్చిన ఈ మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని మరీ నడుపుతున్నాను.

రోజూ నా దారి నారాయణగూడ చౌరస్తా, చిక్కడపల్లి, అశోక్‌నగర్. ఈ మూడింటి మధ్య దూరం తక్కువ, క్లచ్ తొక్కుడు ఎక్కువ. 2023 ఆగస్టులో ఇందిరాపార్క్ నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచారు. పైనుంచి పోయేవాళ్ళు హాయిగా పోతారు. చిక్కడపల్లి సందుల్లోకి తిరగాల్సిన నాబోటి వాళ్ళకు కింద అదే కథ. ఫస్ట్ గేరు, న్యూట్రల్, ఫస్ట్ గేరు, న్యూట్రల్.

కొన్నాళ్ళుగా రివర్స్ గేరు వేస్తే గర్రుమంటోంది. పెడల్ అడుగుదాకా తొక్కితే తప్ప క్లచ్ విడవట్లేదు. ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ అన్నీ. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో ఒక మెకానిక్ అన్న ఉన్నాడు. ఆయన ముందు స్పానర్ పట్టలేదు, ఒక ప్రశ్న అడిగాడు.

"సార్, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ మొత్తుకుంటది గానీ బండి ముందుకు పోతలేదు, అట్లేమన్న ఉన్నదా?"

"లేదన్నా. లాగుడు మంచిగనే ఉంది."

"అయితే ప్లేటు మంచిగున్నట్టే. గా కేబుల్ సంగతి చూద్దాం."

బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ పక్కనున్న లివర్ దగ్గర వేలు పెట్టి చూపించాడు. మనం తొక్కే పెడల్‌కు కట్టిన కేబుల్ వచ్చి ఆ లివర్‌ను లాగుతుంది. లివర్ లోపల బేరింగ్‌ను నెడుతుంది. బేరింగ్ స్ప్రింగును నొక్కుతుంది. అప్పుడు ప్లేటు విడిపోయి ఇంజన్‌కూ చక్రాలకూ మధ్య సంబంధం తెగుతుంది. మనం గేరు మార్చుకుంటాం. కేబుల్ కొసన త్రెడ్ ఉంటుంది, దాని మీద నట్టు ఉంటుంది. మెకానిక్‌లు 'క్లచ్ అడ్జస్ట్ చేసినం' అంటే ఆ నట్టును తిప్పినట్టు.

ఇక్కడే ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి ఉంది. పెడల్ మీద కాలు పెట్టగానే మొదట కొంచెం దూరం ఉత్తగా దిగాలి. దాన్ని ప్లే అంటారు. ఆ ఖాళీ ఉంటేనే కాలు తీసినప్పుడు బేరింగ్ మీద బరువు పోతుంది, ప్లేటు గట్టిగా పట్టుకుంటుంది. ప్లే అసలే లేకపోతే మనం తొక్కకపోయినా బేరింగ్ తిరుగుతూనే ఉంటుంది, ప్లేటు జారి కాలిపోతుంది. ప్లే మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, గేరు గర్రుమంటుంది. ప్లేటు అరిగితే ప్లే తగ్గుతుంది, అప్పుడు నట్టు వదులు చెయ్యాలి. కేబుల్ సాగితే ప్లే పెరుగుతుంది, అప్పుడు బిగించాలి.

"అందరొచ్చి టైట్ చెయ్యమంటరు సార్. లూజ్ చెయ్యమని ఒక్కడడగడు" అన్నాడు.

నా బండికి నాలుగైదు చోట్ల నాలుగైదు సార్లు బిగించారు. కేబుల్ సాగుతూ పోయింది, నట్టు ముందుకు జరుగుతూ పోయింది. ఇప్పుడది త్రెడ్ చివరికి వచ్చి ఆగింది. కేబుల్ లోపలి తీగల్లో కొన్ని పోగులు తెగి పైకి లేచి ఉన్నాయి. నట్టు గాట్లు అరిగి నున్నగా అయ్యాయి. అది కూర్చునే పిన్ను ఒక పక్కకు తినేసి ఉంది.

"త్రెడ్ అయిపోయింది సార్. ఇగ అడ్జస్ట్ కాదు. మార్చుడే."

ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఎందుకో చెప్తాను.

చదువుకునే రోజుల్లో అశోక్‌నగర్‌లో గది కోసం తిరిగాను. కోచింగ్ సెంటర్లు, సిటీ సెంట్రల్ లైబ్రరీ, గ్రూప్స్ కలలు, ఇవన్నీ ఉన్న చోటు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఇప్పటికీ ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. ఒక ఇంటాయన గది చూపించి, అద్దె చెప్పి, ఆఖరికి నెమ్మదిగా అడిగాడు: "మీరేమోళ్ళు?" చెప్పాను. ఆయన కోప్పడలేదు. చాలా మర్యాదగా, కింద గది వేరేవాళ్ళు అడిగారనీ, మేడమీద ట్యాంకు పక్క రేకుల గది ఉందనీ, కింద నల్లా దగ్గరికి మాత్రం రావద్దనీ చెప్పాడు. "కొంచెం అడ్జస్ట్ చేసుకో బాబూ" అన్నాడు. రెండేళ్ళు ఆ రేకుల కింద చదివాను.

ఉద్యోగం వచ్చింది. నా పరిశోధన ప్రబంధాల మీద. అయినా మా డిపార్ట్‌మెంటులో టైంటేబుల్ వేసిన ప్రతిసారీ కావ్యాల పేపరు ఇంకొకరికి పోతుంది. నాకు దళిత సాహిత్యం యూనిట్ వస్తుంది. ఆ యూనిట్ చెప్పడం నాకు గర్వమే. కానీ అది నాకు ఇచ్చేది నా చదువును చూసి కాదు, నా సర్టిఫికెట్‌లో కులం గడిని చూసి. అడిగితే అదే మాట: "ఈ సెమిస్టర్‌కు అడ్జస్ట్ అవండి సార్." ఎన్ని సెమిస్టర్లు? నట్టు ప్రతిసారీ ఒకే వైపుకు తిరుగుతోంది.

అడ్జస్ట్ అన్న మాటలో తప్పేమీ లేదు. ఇద్దరు కలిసి బతకాలంటే ఇద్దరూ కొంచెం జరగాలి. మన దేశంలో మాత్రం ఆ మాట ఎప్పుడూ ఒకరికే చెప్తారు.

బాబాసాహెబ్ జీవితంలో ఒక సంఘటన ఉంది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నారు. 1929లో బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా తిరుగుతూ చాలీస్‌గావ్‌లో దిగారు. స్టేషన్ నుంచి మహార్‌వాడకు టాంగాలో పోవాలి. అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడం తమ గౌరవానికి తక్కువని టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి రాజీ కుదిరింది. టాంగా అద్దెకిస్తారు, తోలడం మాత్రం తోలరు. వాడవాళ్ళు తమలోనే ఒకణ్ణి తోలమన్నారు. అతనికి టాంగా తోలడం రాదు. కల్వర్టు దగ్గర చక్రం పక్కరాయికి బలంగా గుద్దుకుంది. గుర్రం, టాంగా వాగులో పడ్డాయి. బాబాసాహెబ్ రాళ్ళ మీదికి విసిరేసినట్టు పడ్డారు. కాలు విరిగింది.

ఆ రాజీని జాగ్రత్తగా చూడండి. పైకి అందరికీ అనుకూలంగా ఉంది. టాంగావాడికి కిరాయి వచ్చింది, గౌరవం దక్కింది. వాడవాళ్ళకు అతిథిని గౌరవంగా తీసుకెళ్ళిన తృప్తి దొరికింది. పని తెలిసినవాడి చేతిలో ఉండాల్సిన పగ్గం తెలియనివాడి చేతికి పోయింది. సర్దుబాటు అంతా జరిగాక కాలు ఎవరిది విరిగింది? విదేశాల్లో చదివొచ్చిన బారిస్టర్‌ది. అడ్జస్ట్‌మెంట్ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

బిగువు, వదులు అనే విద్య మాకు కొత్త కాదు. మా తాత డప్పు కాచేవాడు. చల్లగాలికి తోలు వదులైతే మోత రాదు. గడ్డి మంట పెట్టి, డప్పును తిప్పుతూ, వేలితో కొట్టి చూస్తూ కాచేవాడు. ఎక్కువ కాస్తే తోలు పగులుతుంది. ఎక్కడ ఆపాలో ఆయన వేలికి తెలుసు. తొలినాటి మోటారు కార్లలో కోన్ క్లచ్ మీద తోలే పరిచేవారు. అది ఎండి గట్టిపడకుండా నూనె పెట్టి మెత్తగా ఉంచాల్సి వచ్చేది. తోలు సంగతి తెలిసినవాణ్ణి ఊరవతల పెట్టిన దేశం మనది. దీన్ని పట్టుకుని 'మీ కులవృత్తి ఎంత గొప్పదో' అని ఎవరూ మొదలుపెట్టకండి. మా తాత విద్య గొప్పది. ఆ విద్యకు ఆయన్ని పుట్టుకతో కట్టేసిన తాడు గొప్పది కాదు.

మళ్ళీ షెడ్డుకు వద్దాం. కొత్త కేబుల్, కొత్త నట్టు, పిన్ను, దుమ్ము పోకుండా రబ్బరు బూటు. పుత్లీబౌలి నుంచి తెప్పించాడు. అన్నీ కలిపి వందల్లో అయిపోయింది, వేలల్లోకి పోలేదు. కేబుల్ ఎక్కడా మడత పడకుండా దారి చూసి వేశాడు. లివర్ దగ్గర గ్రీజు పెట్టాడు. నట్టు కొంచెం బిగించి, నన్ను కూర్చోబెట్టి పెడల్ చాలాసార్లు తొక్కించాడు. కొత్త కేబుల్ తన చోట కూర్చోవాలట. తర్వాత చేత్తో పెడల్ నొక్కి ప్లే చూసి మళ్ళీ సరిచేశాడు. ఇంజన్ ఆన్ చేసి రివర్స్ వేస్తే చప్పుడు లేకుండా పడింది. "వారం తర్వాత ఒకసారి రా సార్, ఇంకొంచెం సాగుతది, చూసి ఇస్త" అన్నాడు. లేబర్ ఎంతంటే చెప్పాడు, ఇచ్చాను. డబ్బా మీద ఎమ్మార్పీకి మాట్లాడకుండా డబ్బులిచ్చి, చేతి పనికి మాత్రం బేరమాడే అలవాటు మన ఇళ్ళలో మానేద్దాం.

పాత నట్టు, కేబుల్ ముక్క అడిగి తెచ్చుకున్నాను. టేబుల్ మీద పెట్టుకుని ఆ రాత్రే మా కాలేజీకి ఉత్తరం రాశాను. వచ్చే సెమిస్టర్‌లో కావ్యాల పేపరు నాకు ఎందుకు ఇవ్వాలో, ఇప్పటిదాకా ఎవరెవరికి ఏ ప్రాతిపదికన ఇచ్చారో చెప్పమని అడిగాను. నోటి మాట కాదు, రాతలో. ఇంకా జవాబు రాలేదు. నాతో టీ తాగే ఒక సహోద్యోగి "ఎందుకు సార్, ఇన్నాళ్ళూ బాగానే నడిచింది కదా" అన్నారు. నడిచింది నిజమే. ఎవరి త్రెడ్ మీద నడిచిందన్నదే నా ప్రశ్న.

అశోక్‌నగర్‌లో ఇవాళ గది వెతుక్కుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళకు ఒక మాట. మిమ్మల్ని అడ్జస్ట్ చేసుకోమన్నవాణ్ణి అక్కడే అడగండి: మీరెంత జరుగుతారు? అటు నుంచి అర ఇంచు కూడా జరగకపోతే అది సర్దుబాటు కాదు, బిగింపు. మనిషికీ కొంచెం ప్లే కావాలి. ఊపిరి తీసుకునేంత, తన ఇష్టానికి ఒక పేపరు చెప్పుకునేంత, కింద నల్లా దగ్గర బిందె పెట్టుకునేంత.

జై భీమ్.