రంగుకు ముందు పని

అక్క పెళ్లి వైశాఖంలో కుదిరింది. మాఘం రాగానే నాన్న మేస్త్రికి కబురంపారు, ఇంటికి రంగులు వేయాలని. మాది అమలాపురం దగ్గర కాలవగట్టు ఊరు. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాలు, వాటిమీద ఇటుకల కప్పు. హాలు ఒక్కటి తప్పిస్తే ఆ గోడలు సున్నం తప్ప మరో పూత ఎరగవు.

సంక్రాంతి ముందు గుల్ల సున్నం తెచ్చి తొట్టిలో వేసి నీళ్లు పోసేవాళ్లు. అది సలసలా ఉడికి ఆవిర్లు కక్కేది. పిల్లల్ని దరిదాపులకు రానిచ్చేవారు కాదు. చల్లారాక గుడ్డలో వడగట్టి, కాస్త తుమ్మబంక, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో కొట్టేవారు. తడి మీద గోడ మాసినట్టే కనిపించేది, ఆరేకొద్దీ తెల్లబడేది. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుందని తరవాత కాలేజీలో చదువుకున్నాను.

హాలు కథ వేరు. అంతకు కొన్నేళ్ల ముందు పట్నం నుంచి వచ్చిన ఓ కాంట్రాక్టరు హాలు గోడలకు నడుమెత్తు వరకు ఆయిల్ పెయింటు వేయించి వెళ్లాడు. ఆ ఏడు వానలకే పొక్కులు లేచాయి. గోటితో గీరితే పెచ్చు ఊడివచ్చేది, దాని వెనక తెల్లటి ఉప్పు.

మేస్త్రి వచ్చిన రోజు రంగుల పుస్తకం తెరవనే లేదు. వేలి కణుపులతో గోడలన్నీ తట్టుకుంటూ తిరిగాడు. డొల్ల చప్పుడు వచ్చినచోటల్లా బొగ్గుతో గీత పెట్టాడు. అరచేత్తో గోడను రుద్ది, అంటుకున్న సున్నం నాన్నకు చూపించాడు. హాల్లోకి వచ్చి గోడ మొదట్లో కూర్చున్నాడు.

"మాస్టారూ, ఈ గోడకి కిందనించి చెమ్మ ఎక్కుద్దండి. మనం పైన నూనె రంగేసి మూసేస్తే అది ఎటు పోద్దండి? రంగుని తోసుకుని బయటికొస్తాదండి."

మా డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. పాత ఇళ్ల పునాదుల్లో చెమ్మను ఆపే పొరంటూ ఉండదు. ఇటుక నీటిని పైకి పీలుస్తుంది, ఆ నీటితోపాటు లవణాలూ వస్తాయి. నీరు ఆవిరైపోయాక ఉప్పు పైన గడ్డకట్టి పూతను చీలుస్తుంది. ఇదంతా మేస్త్రి ఏ పుస్తకంలోనూ చదవలేదు, గోడల దగ్గరే నేర్చుకున్నాడు. ఊడిన గచ్చు మొత్తం కొట్టేయించాడు. సిమెంటు వద్దని, సున్నం ఇసుకతోనే మళ్లీ పూయించాడు. నడుమెత్తు వరకు ఎప్పటికీ సున్నమేనని ఖచ్చితంగా చెప్పేశాడు.

పడకగదులు పొడిగా ఉండేవి. వాటికి డిస్టెంపరుకు ఒప్పుకున్నాడు గానీ పాత సున్నం పొరలన్నీ గీకాకే అన్నాడు. వదులు సున్నం మీద ఏ రంగు వేసినా అది పట్టుకునేది గోడను కాదు, ఆ పొడిని. నీళ్లు చల్లడం, గీకడం, మళ్లీ చల్లడం. తెలుపు కింద నీలం, నీలం కింద ఎవరి కాలం నాటిదో లేత పసుపు. చూడవచ్చిన చుట్టాలు "ఇంకా రంగే మొదలెట్టలేదా?" అని అడిగేవారు. ముహూర్తం దగ్గర పడుతోందని నాన్నా ఒకటి రెండుసార్లు విసుక్కున్నారు. మేస్త్రి మాత్రం తొందరపడలేదు. మా ఇంట్లో జరిగిన అసలు పని ఆ గీకుడేనని నా నమ్మకం. చివర్లో రంగు వేయడానికి పట్టిన సమయం దాని ముందు చాలా తక్కువ.

సరుగుడు బాదులతో పరంజా కట్టి ముందు కప్పు, తరవాత గోడలు, ఆఖరున తలుపులు. కప్పు మీంచి పడే చుక్కలు కొత్త గోడను పాడుచేయకూడదని ఆ వరస. గోడలకు ప్రైమరు, లప్పం, రుద్దుడు, మళ్లీ ప్రైమరు. పొద్దున మంచు విడిచేదాకా కుంచె ముట్టేవాడు కాదు. సాయంత్రం గోడకు ఆనించి దీపం పట్టుకోమనేవాడు. పక్కవాటు వెలుగులో ప్రతి గుంటా బయటపడేది. నేను దీపం పట్టుకుంటే ఆయన బొగ్గుతో గుర్తులు పెట్టేవాడు.

టేకు సింహద్వారానికి రంగు వేయనన్నాడు. గాజుపెంకుతో పాత వార్నిష్ పొర గీకి, అవిసె నూనె పట్టించాడు. నాలుగు రోజుల్లో చెక్క గీతలన్నీ తేటగా కనిపించాయి. గడపను అమ్మ ముట్టుకోనివ్వలేదు. నున్నటి ఎనామిల్ మీద పసుపు నిలవదు మరి.

కిటికీ రెక్కలకు ఎప్పటిదో ఆకుపచ్చ ఎనామిల్. వాటిని ఆయన ఎప్పుడూ పొడిగా రుద్దలేదు. వాటర్ పేపర్ తడిపి రుద్ది, ఆ బురదను గుడ్డతో తుడిచి గోతిలో వేసేవాడు. "దుమ్ము గుండెల్లోకి పోద్దండి" అనేవాడు. ఆ రోజుల్లో మన ఎనామిల్ రంగుల్లో సీసం కలవడం మామూలు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని కేంద్రం నియమాలు తెచ్చింది 2016లో, అవి అమలైంది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఎనామిల్ మన పాత తలుపుల మీద, కిటికీల మీద ఇంకా ఉంది. ఆ దుమ్ము చిన్నపిల్లల మెదడుకు చేటు చేస్తుంది.

హాల్లో ఆ గోడ కింది భాగానికి ఇప్పటికీ సున్నమే వేయిస్తున్నాం. పొక్కులు మళ్లీ రాలేదు. మీ పాత ఇంటికి రంగులు వేయించేటప్పుడు గీకడానికి, ఆరడానికి రోజులు విడిగా ఇవ్వండి, వాటికి కూలీ కూడా విడిగా లెక్కకట్టండి. పాత ఎనామిల్‌ను తడిపి రుద్దమనండి. పనివాళ్లకు మాస్కులు మీరే కొనివ్వండి. ఆ గది తుడిచేదాకా పిల్లల్ని, గర్భిణుల్ని అటు పోనివ్వకండి.